ఒతెంగ్ శ్రుతి తప్పిన రోజు

కెలెత్సో టీచరమ్మ ఫోన్లో అన్నమాట స్మృతి. మొగొమొత్సి చెవిలో పడింది శ్రుతి. రెంటికీ తేడా ఎంతని, పెదవులు ఒకసారి కలిపి విడదీసినంత. ఏడ్చే మనిషికి పెదవులు సరిగ్గా కలవవు. పైగా మొగొమొత్సి కుడిచెవి ఏనాడో డ్రమ్ముల పాలైంది. ఆ పాడు చెవికే ఫోను ఆనించాడు. బాగున్న ఎడమచెవిని అప్పటికే గిటారుకి అప్పగించి ఉన్నాడు మరి.

“మరిదీ, ఒతెంగ్ స్మృతి తప్పాడు. బక్కీ బండి వేసుకుని వెంటనే రా.”

ఇంకెవరైనా అయితే ‘మా ఆయన పడిపోయాడు’ అంటారు. కెలెత్సో బడిలో భాష చెప్పే మనిషి. మామూలు మాట ఆవిడ నోటి గుమ్మం దాటి ఎరగదు. పాలు విరిగినా ‘వికటించాయి’ అనే రకం. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు ఇంటికెళ్ళి జ్వరాన్ని ‘తాపం’ అని, తల్లికి అర్థం కాక ఎండలోకి తోలితే, తాపం పెంచుకుని వచ్చిన సందర్భాలు ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఉన్నాయి.

మొగొమొత్సికి మాత్రం విషయం స్పష్టంగా అర్థమైంది. ఒతెంగ్ శ్రుతి తప్పాడు. పెళ్ళాం చేత ఫోను చేయించి, నన్ను ఇంటికి రప్పించి, మళ్ళీ గిటార్ల పోటీ పెట్టబోతున్నాడు. అవతల వినిపించే వెక్కిళ్ళు నవ్వు ఆపుకోలేక వచ్చినవి. అందుకని తనూ విరగబడి నవ్వాడు.

“కొత్తగా తప్పాడా వదినా? నేనెరిగిన నాటినుంచీ అంతేగా. తాళం వేయించుకోరా అంటే విన్నాడా? నేను రాను. తీగలన్నీ విప్పేసి ఓ మూల పడుకోబెట్టు. రేపొచ్చి చూస్తాను.”

ఫోను కట్టయింది. గెలిచాననుకున్నాడు.

ఒతెంగ్, మొగొమొత్సి ఇద్దరూ ఒకే బ్యాండులో గిటారిస్టులు. నల్లతోలు చొక్కాలు, నల్లతోలు ప్యాంట్లు, ఎద్దుకొమ్ము గుచ్చిన టోపీలు, అడుగు తీసి అడుగేస్తే గలగలమనే గొలుసులు. చూసిన కొత్తవాళ్ళు రోడ్డు దాటి అవతలికి పోతారు. ఊళ్ళో ముసలమ్మలు మాత్రం బజారు సంచీలు వాళ్ళ చేతికే ఇస్తారు.

ఇద్దరి మధ్యా ఉన్న తగువల్లా ఒక్కటే, ఎవరి గిటారు శ్రుతిలో నిలబడుతుందని. మొగొమొత్సిది తాళాల గిటారు. మెడ పైన ఒక తాళం, కింద తీగలు మొదలయ్యే పలక దగ్గర ఇంకో తాళం. చిన్న తాళంచెవి పెట్టి రెండుచోట్లా బిగిస్తే తీగలు ఇక జారవు. ఆ పలక ఒకచోట స్థిరంగా ఉండదు, వెనకనున్న స్ప్రింగుల బలం మీద తేలుతూ ఉంటుంది. దానికో బారు. బారు నొక్కితే తీగలు ఆవు పేగుల్లా జారిపోయి గిటారు ఆంబోతులా మూలుగుతుంది. వదిలితే, ఏమీ ఎరగనట్టు, బయల్దేరిన శ్రుతికే తిరిగొచ్చి నిలబడుతుంది. ఒతెంగ్ గిటారుకి తాళమూ లేదు, బారూ లేదు. వేళ్ళతో తీగను గట్టిగా లాగి వాయించడం, రెండు పాటలకోసారి మరలు తిప్పుకోవడం, అదీ అతని పద్ధతి.

ఆదివారాలు రేకుల షెడ్డు కింద ఇద్దరూ ఎదురెదురు కూర్చుని పరీక్ష పెట్టుకునేవాళ్ళు. ఓడినవాడు మేక కోయాలి. ఒతెంగ్ ఎన్ని మేకలు కోశాడో ఆ మేకలకే తెలియాలి. అయినా నోరు మూసేవాడు కాదు. బారుకెళ్ళిన మనిషీ బారున్న గిటారూ ఒకటేరా, తూలడం ఖాయం అనేవాడు. తూలినా నాది ఇల్లు తప్పదు, నువ్వే పక్కింటి తలుపు కొడతావు అనేవాడు మొగొమొత్సి. తాళం లేనివాడికి తాళమేం తెలుస్తుంది అని కూడా అనేవాడు. వేళాకోళం ఎంత శ్రుతి మించినా, ఇద్దరూ కలిసి వాయిస్తే మాత్రం ఏ తీగ ఎవరి చేతిదో చెప్పడం కష్టం.

ఒక్కసారే ఒతెంగ్ నిజంగా గెలిచాడు. పాట మధ్యలో మొగొమొత్సి గిటారు తీగ ఒకటి ఠపీమని తెగింది. అటూ ఇటూ సమానంగా లాగుతుంటేనే తేలే పలక, ఒక పక్క బలం తగ్గేసరికి వెనక్కి ఒరిగి, మిగతా ఐదు తీగలనూ లాగేసింది. గిటారు మొత్తం గోల. ఒతెంగ్ మైకు ముందే అన్నాడు:

“నీది ఉమ్మడి కుటుంబంరా. ఒక్క తీగ పోతే ఒక్కటీ సరిగ్గా ఉండలేదు. నాదైతే, పోయింది పోయినా మిగిలినవి నిలబడతాయి.”

కెలెత్సో ఫోను చేసిన రోజు సాయంత్రం, డ్రమ్ములు వాయించే బకాంగ్ ఫోను చేశాడు. ఒతెంగ్ తలలో నరం చిట్లిందట. పక్కింటివాళ్ళు ఎవరి కారో దొరకబుచ్చుకుని, పెట్రోలు వెతికి పోసి తీసుకెళ్ళేసరికి ఆస్పత్రి గేటు దగ్గరే అయిపోయిందట. బక్కీ ముందే వెళ్ళుంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒతెంగ్ అంటే వాళ్ళ మాటలో ‘ఉన్నాడు’ అని. ఉన్నాడు లేడు. మొగొమొత్సి అంటే ‘ఓదార్చేవాడు’. ఓదార్చేవాణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. ప్రార్థనకని వెళితే కెలెత్సో వాళ్ళ పిన్ని వాకిట్లోనే ఆపేసి, నువ్వు లోపలికి రావద్దని మా పిల్ల చెప్పమంది అంది. ఎందుకని అతను అడగలేదు. ఎందుకో తనకు తెలుసనే అనుకున్నాడు. పొద్దున బాగానే ఉండి గిటారుతో కుస్తీ పడుతున్న వాణ్ణి, చచ్చిపోయే రోజున పెళ్ళాం ఎదుట వెక్కిరించాను. చాలదూ?

లోపల పరుపు మీద, దుప్పటి కప్పుకుని, కెలెత్సో ఇంకో లెక్క వేసుకుంటోంది. నా మొగుడు నేలమీద పడున్నాడు రమ్మంటే, నవ్వి, మూల పడుకోబెట్టమన్నాడు.

ఆ వారమంతా మొగొమొత్సి గిటారు ముట్టుకోలేదు. సమాధి తవ్వడానికి వెళ్ళాడు, కట్టెలు కొట్టాడు. ఒకసారి మాత్రం ఇంటి దగ్గర పెట్టె తెరిచి బొటనవేలితో తీగల మీద నిమిరాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. ఇన్నేళ్ళు ఏ సంగతికి రొమ్ము విరుచుకున్నాడో, ఆ సంగతికే ఆ గిటారుని చూస్తే కంపరం పుట్టింది. పెట్టె మూసేశాడు.

శనివారం పొద్దున్నే మట్టి చేశారు. శవపేటికను తోలుచొక్కాలవాళ్ళే మోశారు, చప్పుడు కాకుండా గొలుసులు పిడికిట్లో పట్టుకుని. మొగొమొత్సి భుజానికి చోటివ్వలేదు. వెనకాల నడిచాడు. తిరిగొచ్చి అందరూ గేటు దగ్గర చేతులు కడుక్కున్నాక, మగవాళ్ళతోపాటు మాంసం ఉడికే మూడుకాళ్ళ కుండ దగ్గర చేరి తెడ్డు పట్టుకున్నాడు. పొగకి కళ్ళు మండుతున్నాయనే సాకు అక్కడైతే దొరుకుతుంది.

అన్నాలకు ముందు బకాంగ్ లేచి, ఒతెంగ్ గిటారు ఒక్క పాటకైనా మోగాలని పెద్దల్ని అడిగాడు. పరుపు తలాపున ఉన్న గిటారుని లోపలినుంచి పంపించారు. బకాంగ్ దాన్ని చంటిబిడ్డలా పట్టుకుని తిన్నగా కుండ దగ్గరికొచ్చాడు. నాకు తాళమే గానీ శ్రుతి తెలీదన్నా, నువ్వే చూడు అని ఒళ్ళో పెట్టి, పక్కనే కూలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు.

మొగొమొత్సి చేతులు తుడుచుకున్నాడు. కుండ పక్కనే, కెలెత్సో ఉన్న గది కిటికీ గోడకు చేరబడి తీగలు మీటాడు. వారంరోజులు ముట్టిన చెయ్యి లేదు, ఆరు తీగలూ ఆరు దిక్కులు చూస్తున్నాయి. ఏడుపు బయటపడకుండా పెదవులు బిగబట్టి అన్నాడు.

“శ్రుతి తప్పింది.”

ఏడ్చే పెదవులు ఆ రోజు కలవక ఒక మాట చెడింది. ఇవాళ బిగిసి ఇంకోటి చెడింది. కిటికీలోంచి కెలెత్సోకి వినిపించింది స్మృతి.

“ఎవరికి? నీళ్ళు, నీళ్ళు పట్టుకెళ్ళండి” అంది లోపలినుంచి.

పిన్ని బిందెతో పరుగెత్తుకొచ్చింది. కళ్ళు మూసుకుని తల వాల్చేసి కనిపించినవాడు బకాంగ్ ఒక్కడే. బిందెడు నీళ్ళూ వాడి నెత్తిన గుమ్మరించింది. దేవుడితో మాట్లాడుతున్న మనిషి పైనుంచి వచ్చిన జవాబుకి ఉలిక్కిపడి లేచాడు.

“ఎవరికీ ఏం కాలేదు వదినా” అన్నాడు మొగొమొత్సి కిటికీవైపు తిరిగి. “గిటారుకి. శ్రుతి తప్పింది.”

పరుపు మీదే కెలెత్సో కిటికీవైపు జరిగింది. తర్వాత ఆవిడ గొంతు నెమ్మదిగా వచ్చింది.

“మళ్ళీ అను.”

“శ్రుతి తప్పింది అన్నాను.”

“ఆ రోజు ఫోన్లో నేనేమన్నాను?”

“అదే అన్నావుగా వదినా. ఒతెంగ్ శ్రుతి తప్పాడు, బక్కీ వేసుకుని రా అని. పోటీకి పిలుస్తున్నాడనుకున్నాను. నాకేం తెలుసు, వాడు ఆ తర్వాత...”

ఆ తర్వాత కాదని అతనికి అప్పుడు తట్టింది. గిటారుని ఒళ్ళోంచి తీసి గోడకి ఆనించాడు.

మొగుడు పోయిన కొత్తలో విధవ పరుపు దిగి వాకిట్లోకి రాకూడదు. కెలెత్సో వచ్చింది. దుప్పటి నేలమీద ఈడుస్తూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. పిన్ని లోపలికి పద అంటే చెయ్యి విదిలించుకుంది. కుండల దగ్గరున్న మగవాళ్ళు, పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు, తడిసిపోయిన బకాంగ్, తోలుచొక్కాలవాళ్ళు అందరూ ఆమెవైపే తిరిగారు.

“ఇతను నా మొగుణ్ణి చూసి నవ్వాడని మీకు చెప్పాను. ఆయన్ని చూసి కాదు. నేను స్మృతి అన్నాను, ఇతను శ్రుతి అని విన్నాడు. గిటారు సంగతనుకుని నవ్వాడు.” ఇన్నేళ్ళలో ఆమె నోట ఎవరూ వినని మాట అప్పుడు విన్నారు. “పడిపోయాడు అని ఉంటే వచ్చేవాడు. మా ఆయన పడిపోయాడు, రా అని ఉంటే, పరుగెత్తుకొచ్చేవాడు.”