నేనొచ్చేదాక ఎక్కొద్దు

కిందటేడు అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగుతూ పడి సునంద మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు మెట్లు తగ్గించమన్నాడు. ఆమె మాత్రం నాలుగు నెలలుగా రోజూ తెల్లారగానే బిర్లా మందిరం మెట్లు ఎక్కి దిగుతోంది. భక్తి అనుకునేరు, కాదు. శ్రీలంకలో సింహగిరి అని నిట్టనిలువు బండ కొండ ఒకటుంది. స్నేహితురాళ్లతో కలిసి దాన్నెక్కాలని ఆమె పంతం.

స్నేహితురాళ్లంటే ఇద్దరే, దివ్యశ్రీ, అలేఖ్య. నాంపల్లిలో సునంద సోషల్ చెప్పే బడిలోనే వాళ్లూ టీచర్లు. సెలవొస్తే చాలు, ముగ్గురూ భువనగిరో మెదకో అనంతగిరో పోయేవాళ్లు. వాళ్లిద్దరూ ఫొటోలు దిగేవాళ్లు, సునంద కథ చెప్పేది. ఏ కోట ఎవడు కట్టాడో, ఎవడు ఎవడికి వెన్నుపోటు పొడిచాడో ఆమె చెబుతుంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి వినేవారు. మోకాలు విరిగాక ఆ తిరుగుడు ఆగిపోయింది. అందుకే లంక మాట రాగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నలభై ఎనిమిదేళ్లకు మొదటిసారి పాస్‌పోర్టు తీసుకుంది.

"అక్కా, ఆడ చెప్పే కథలన్నీ ముందే రికార్డు చేసి గ్రూపుల పెట్టు. నీకు ప్రాక్టీస్ అయితది" అంది అలేఖ్య. సునంద సంబరంగా ఒక్కో చోటికి ఒక్కో కథ చెప్పి పంపింది. చివరి కథ సగమే చెప్పింది. మిగతా సగం కొండ మీద నిలబడి చెప్పాలని దాచుకుంది.

ప్రయాణం రెండు రోజులుందనగా దివ్యశ్రీ ఫోన్ చేసింది. "అత్తగారికి ఒంట్లో అస్సలు బాగాలేదక్కా. లక్డీకాపూల్‌లో హాస్పిటల్లో చేర్చాం, ఎవర్నీ లోపలికి రానివ్వట్లేదు. ట్రిప్పు మానేద్దాం, ఏమనుకోకు."

"కొండ యాడికి పోతది? నువ్వేం ఫికర్ చేయకు. పెద్దమ్మను మంచిగ చూసుకో" అంది సునంద. సర్దిన బట్టలు తీసి బీరువాలో పెట్టుకుంది.

శుక్రవారం, శనివారం ఇద్దరి ఫోన్లూ కలవలేదు. పాపం ఆస్పత్రి హడావుడి అనుకుంది. నమ్మడం అలవాటైన మనిషికి అనుమానం ఓ పట్టాన రాదు. పైగా గుడికెళ్లి ఆ ముసలావిడ పేరు మీద మొక్కుకుని మరీ వచ్చింది. ఆదివారం పొద్దున బియ్యపు జావ కాచి, పెసరకట్టు చేసి క్యారియర్లో సర్దింది. ఇంట్లో ఎవరో ఒకరుంటారు, ఆస్పత్రికి పట్టుకెళ్తారులే అని ఆబిడ్స్ బయల్దేరింది. పాత పుస్తకాలు పరిచినచోట జనంలో ఆటో కదలకపోతే, దిగి చిరాగ్ అలీ లేన్ దాకా నడిచింది. దివ్యశ్రీ ఇల్లు రెండో అంతస్తులో. ఆ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది.

తలుపు తీసింది వెంకటరత్నమ్మే. దివ్యశ్రీ అత్తగారు. చేతులకు శనగపిండి, లోపల నూనెలో మిరపకాయ బజ్జీలు.

"రామ్మా సునందా. అదేమిటి, నువ్వు వెళ్లలేదూ?"

"దవాఖాన నుంచి ఎప్పుడొచ్చిన్రు పెద్దమ్మా?"

"దవాఖానేమిటే? నాకేం, గుండ్రాయిలా ఉంటేనూ."

మొక్కు ఇంత తొందరగా ఫలిస్తుందని సునంద అనుకోలేదు. గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. "వెళ్లలేదా అంటే... యాడికి?"

వెంకటరత్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. "లంకకేగా. శుక్రవారం వెళ్లారు. ఆడవాళ్లిద్దరే పరాయి దేశమేమిటని నేను వద్దన్నాను. సునందక్క కూడా వస్తోందత్తయ్యా అంది. నువ్వుంటే ఇంక భయమేమిటని ఒప్పుకున్నాను."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. సునంద పేరు చెప్పి ఇంట్లో ఒప్పించుకున్నారు, తనను మాత్రం ఇక్కడే వదిలేశారు. ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు, సిగ్గేసింది.

అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. వీడియో కాల్. వెంకటరత్నమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తింది. తెర మీద టోపీ పెట్టుకున్న దివ్యశ్రీ, ఆమె వెనక కొండ మెట్లకు అటూ ఇటూ కట్టిన రెండు పెద్ద సింహం పాదాలు. కాస్త అవతల గట్టు మీద అలేఖ్య ఏదో స్పీకరు పట్టుకుని కూర్చుంది. అందులోంచి ఎవరో గట్టిగా కథ చెబుతున్నారు.

"సునంద ఏదే?" అంది వెంకటరత్నమ్మ, ఏమీ తెలియనట్టు.

"ఇక్కడే ఉందత్తయ్యా. గొంతు వినబడట్లేదూ? కథ చెబుతోంది."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు లోకంలో ఉన్నారు. వీళ్లు తెప్పను తీసుకుపోయి, కట్టిన మనిషిని ఒడ్డున వదిలేశారు. వెంకటరత్నమ్మ ఇంకో మాట మాట్లాడకుండా ఫోన్ సునంద వైపు తిప్పింది.

దివ్యశ్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ వెనక సునంద గొంతు సాగుతూనే ఉంది. "కన్నతండ్రిని సంపి గద్దెనెక్కిన కాశ్యపుడు, తమ్ముడు పగబట్టి వస్తడని గీ బండ మీద కోట కట్టుకున్నడు. ఇగో, గీ సింహం పాదాల కాడ అందరు కూసోన్రి. నా మోకాలు జర మెల్లగస్తది. ఆ రాజు ఏమైండో పైకి పోయినంక చెప్తా. నేనొచ్చేదాక ఎక్కొద్దు, మీకు నా ఒట్టు."

ఫోన్ వైపు చూడని అలేఖ్య స్పీకరు ఆపేసి లేచింది. "అయిపోయింది. పద, ఎక్కుదాం."

"అక్కా, నీ మోకాలికి ఏమన్నా అయితే అని... నీ మంచికే అక్కా" అంది దివ్యశ్రీ.

"రావద్దంటే ఊకుంటుంటి కద దివ్యా. మీ అత్తమ్మను దవాఖానల ఎందుకు పండబెట్టినవ్? పొండ్రి. ఎండ ముదరకముందే ఎక్కుండ్రి" అని తనే ఫోన్ ఆపేసింది.

వెంకటరత్నమ్మ స్టవ్ కట్టేసి వచ్చి, క్యారియర్ విప్పి, జావ గిన్నెలో పోసుకుని సునంద ఎదురుగా కూర్చుంది. సగం తాగాక అడిగింది.

"ఇంతకీ ఆ రాజు ఏమయ్యాడే?"

కొండ మీద చెబుదామని దాచుకున్న సగం అది. సునంద గొంతు సవరించుకుంది. "తమ్ముని మీద యుద్ధానికి పోయిండు పెద్దమ్మా. ముందట బురదుందని ఏనుగును జర పక్కకు తిప్పిండు. రాజు పారిపోతుండనుకుని ఎనకొచ్చినోళ్లందరు ఎల్లిపోయిన్రు. తిరిగి చూస్తే ఒక్కడు లేడు."

"అయ్యో పాపం."

"పాపమేంది, తండ్రిని సంపినోడు" అంది సునంద. అప్పుడొచ్చింది ఏడుపు. "నేనేం జేసిన పెద్దమ్మా?"