ఊపిరి గొట్టం

గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని బాబావలి టార్చి వెలుగును ఇంజన్ అడుగున మెల్లగా జరిపాడు. నూనె చుక్క ఒకటి ఉబ్బి, కాసేపు వేలాడి, అతని చెవి పక్కన రాలింది. దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఇనుప రజను తగల్లేదు. లోపల ఇంజన్ ఇంకా గట్టిగానే ఉంది.

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. పొట్టి మనిషి. కుడి చూపుడువేలికి గోరు లేదు. ఎంత సబ్బు రుద్దినా అరచేతి గీతల్లోని నలుపు పోదు. ముప్పై ఎనిమిదేళ్లుగా బండ్లను కింది నుంచే చూస్తున్నాడు.

కారు జయమ్మది. రొద్దం ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరై పెనుకొండలో ఉంటోంది. పక్షవాతం వచ్చిన భర్త నరసింహులును వారానికి రెండుసార్లు వైద్యానికి ధర్మవరం తీసుకుపోవాలి. ఆయన బస్సు మెట్టు ఎక్కలేడు. ఈ ముసలి కారే దిక్కు. ఇంతకు ముందు చూసిన మెకానిక్, ఇంజన్ వెనక నూనె కారకుండా ఆపే సీలు పోయింది, ఇంజన్ దించాలన్నాడు. ఆ పని దండగ, తుక్కుకు వేసేయమన్నాడు.

"వెనక సీలు పోయిందంట కదప్పా?" స్టూలు మీద కూర్చున్న జయమ్మ అడిగింది.

"అట్లే కనపడుతుందమ్మా. కారేది ఒక చోట, బొట్టు పడేది ఇంకో చోట. ముందు కడిగి చూస్తాం."

డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో జిడ్డంతా కడిగాడు. గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. తర్వాత పసిపిల్లల పౌడరు డబ్బా తెచ్చి ఇంజన్ వెనకంతా చల్లాడు.

"నీళ్లు పోసిన బిడ్డకు పూసినట్టు పూస్తాండావే!" అని జయమ్మ నవ్వింది.

ఇంజన్ ఇరవై నిమిషాలు తిరిగింది. తెల్లటి పౌడరు మీద సన్నటి నల్ల గీత దిగింది. అది పైమూత వెనక అంచున పుట్టి, ఇంజన్ వీపు మీదుగా జారి, సీలు ఉండే చోట బొట్టవుతోంది. మూత విప్పితే రబ్బరు ప్యాకింగ్ ఎండి, పెళుసై, చేతిలోనే విరిగింది.

"సీలు బాగుండాదమ్మా. ఇంజన్ దించే పనే లే."

జయమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అతను అక్కడితో ఆగలేదు. ప్యాకింగ్ ఒక్కటే మార్చి పంపితే మళ్లీ కారుతుందేమోనని అనుమానం. మూతకు తగిలించిన గొట్టం ఒకటి ఊడదీసి నోటితో ఊదాడు. గాలి పోలేదు. లోపల మసి గడ్డకట్టి ఉంది.

"ఇంజన్‌కూ ఊపిరి గొట్టం ఉంటాదమ్మా. ఇది మూసుకుంటే లోపలి గాలి యాడికి పోతాది? సందు దొరికిన చోటల్లా నూనెను బయటికి తోస్తాది."

తీగతో, పెట్రోలుతో గొట్టాన్ని శుభ్రం చేశాడు. కొత్త ప్యాకింగ్ పెట్టి బోల్టులను ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించాడు. వంగి లేచేటప్పుడు ఎడమ భుజం పట్టేసింది. మడ్‌గార్డు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి, మళ్లీ వంగాడు.

పరిగి దాకా పోయి చూద్దామన్నాడు. జయమ్మ నడిపింది. అతను పక్కన కూర్చుని ఇంజన్ చప్పుడు విన్నాడు. ఊరు దాటి మల్బరీ తోటలు వచ్చాక నోరు విప్పాడు.

"మీరు రొద్దంలో ఉన్నప్పుడు మా ఇంటామెకు కాన్పు కష్టమాయ. బిడ్డ పుట్టినాది గానీ ఏడ్వలే. మీరు నోట్లో నోరు పెట్టి ఊదినారు."

జయమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఎంతమందికో చేసినానప్పా. గుర్తు లేదు."

"మీకు గుర్తుండాల్సిన పని లేదమ్మా. మాకుండాది. షహీన్ అని పేరు పెట్టుకున్యాం. మడకశిరలో బట్టలు కుడతాది. దానికి ఇద్దరు బిడ్డలిప్పుడు. యాడన్నా కనపడితే చెప్పల్లని ఇన్నేండ్లూ అనుకుంటి. పొద్దున మీరే వచ్చి నిలబడితిరి."

ఆమె గేరు మార్చింది. రోడ్డు మసకగా కనిపించడంతో కారు నెమ్మది చేసింది.

పరిగిలో దిగి, బాబావలి ఇంజన్ వెనక వైపు కింది నుంచి చెయ్యి పెట్టి తడిమాడు. తడి అంటని అరచేతిని ఆమెకు చూపించాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తిరిగి షెడ్డు దగ్గర అతన్ని దింపి జయమ్మ పెనుకొండ వెళ్లిపోయింది. అతను కాళ్లూ చేతులూ కడుక్కుని సాయంత్రపు నమాజు చేసుకున్నాడు. భార్య దౌలత్‌బీకి ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మ కనపడింది. చెప్పేసినా."

"ఏమనింది?"

"గుర్తే లేదంట."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, తలను రేకుకు ఆనించాడు. పక్కన టైర్ల అంగడి మసూద్ టీ తెచ్చి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ముఖంలో నొప్పి పడిన గుర్తేమీ లేదు.

మరునాడు పొద్దున జయమ్మ ఫోన్ మోగింది.

"సిస్టరమ్మా, నేను షహీన్‌ను. నాయన పోయినాడు. మధ్యాహ్నం నమాజు అయినాక తీసుకపోతారు. మీకు చెప్పమని అమ్మ అనింది."

తాను ఊపిరి ఊదిన బిడ్డ గొంతు అది. "వస్తాండామమ్మా," అంది జయమ్మ.

నరసింహులును చెయ్యి పట్టి మెల్లగా బయటికి నడిపించింది. కారు కింద నేల పొడిగా ఉంది. ఆయన్ను కూర్చోబెట్టడానికి ఎడమ తలుపు తీసి ఆగిపోయింది. బట్టల జిడ్డు అంటకుండా నిన్న బాబావలి సీటు మీద పరుచుకున్న పాత పేపరు, అతను కూర్చున్నంత మేర నలిగి, అంచున ఒక నల్లటి బొటనవేలి ముద్రతో, అలాగే ఉంది.