రేకు డబ్బాలో చీటీలు

ఆ వీధిలో అందరూ ఆమెను పార్లరక్క అంటారు. తన లోపం నోటితో చెప్పుకోవాలంటే ఎవరికైనా మొహమాటమేనని తెలిసిన మనిషి కాబట్టి ఆమె ఒక పద్ధతి పెట్టింది. వచ్చినవాళ్ళు ఏం సరిచేయాలో చీటీ మీద రాసి, మడిచి, బల్ల మీది రేకు డబ్బాలో వేస్తారు. వాటిని ఆమె ఒక్కతే చదువుతుంది, సాయంత్రం సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. ఆమె కడుపులో పడ్డ మాట బయటికి రాదన్న పేరు మీదే పన్నెండేళ్ళుగా ఇల్లు గడుస్తోంది.

ఆ పేరు కాస్తా ఒక్క మధ్యాహ్నంతో మట్టిగొట్టుకుపోయేలా ఉంది. బ్యాంకు క్యాషియరమ్మ హైస్కూలు పత్రిక తెచ్చి ఆమె ముందు పడేసింది. అందులో, రాసినవాళ్ళ పేరు లేకుండా ఒక కవిత.

ఒకరికి మెడ నలుపు,
ఒకరికి పెదవి మీద నూగు,
ఒకరికి రెండో గడ్డం.
అద్దం ఎవరికీ వంక పెట్టలేదు,
చీటీలే పెట్టాయి.
ఒకరికి అన్నీ.

"రెండో గడ్డం నాదేగా అక్కా?" అంది క్యాషియరమ్మ. "మన చీటీల సంగతి స్కూలు పిల్లలకెలా తెలిసింది?"

పార్లరక్క ఏదో సర్దిచెప్పి పంపేసింది. మొదట వెనకవీధి పార్లర్ మనిషిని అనుమానించింది. తర్వాత పక్కింటి టైలరమ్మను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కానీ సొరుగు తాళంచెవి ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. రెండో మనిషికి పద్నాలుగేళ్ళు, చదివేది ఆ స్కూల్లోనే.

కూతురు వచ్చేలోగా ఎవరికో కనుబొమలు తీస్తూ రెండుసార్లు దారం తెంపింది. ఆ పిల్ల రోజూలాగే అద్దాల వైపు తలెత్తకుండా గోడవారగా లోపలికి నడిచింది. ఇన్నాళ్ళూ లేనిది, తల్లికి ఇవాళ అది దొంగనడకలా కనిపించింది. వెంటనే తనూ పిల్ల వెనకే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

"ఈ కవిత నువ్వేనా రాసింది?"

"ఏ కవిత?"

"నా దగ్గర నాటకాలొద్దు. చీటీలు తీశావా లేదా?"

"తీశాను. పేర్లు రాయలేదుగా."

"రాయకపోతే మాత్రం పోల్చుకోలేరా? నా కొంప ముంచావే. అది చాలక చివర ఈ 'అన్నీ' ఒకటి కల్పించావు, నేనేదో అందరి నెత్తినా లోపాలు రుద్దుతున్నట్టు. అలాంటి చీటీ నా డబ్బాలో ఎవరూ వెయ్యలేదు."

"వేశారు. పోయిన నెల నువ్వే చదివావు." పిల్ల ఆగలేదు. "ఎవరిదమ్మా ఇది అని గదంతా చూశావు. నేను తలుపు పక్క కుర్చీలోనే ఉన్నాను. నన్ను దాటి చూశావు. ఎవరూ పలక్కపోతే, అన్నీ సరిచేయాలంటే మళ్ళీ పుట్టాల్సిందే అన్నావు."

పార్లరక్కకు గుర్తొచ్చింది. తన మాట తనకే అంత ముచ్చటేసి, ఆ రోజు సాయంత్రం దాకా వచ్చిన ప్రతివాళ్ళకూ అది చెప్పి నవ్వించింది.