ఆఖరి ఎపిసోడ్ రోజు

దారం కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల వేళ్ళకూ మెలి వేసుకుని, రాధారాణి కుర్చీలో ఉన్న అమ్మాయి కనుబొమ మీదికి వంగింది. ఆ అమ్మాయి పేరు దేదీప్య, ఎమ్మెస్ చదువుకుంటోంది. ఒక చేత్తో నుదురు పైకీ, రెండో చేత్తో రెప్ప కిందికీ లాగి పట్టుకుంది. దారం వెంట్రుకలు పీకుతూ చురుగ్గా కదిలింది. దేదీప్య కంట్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

"అమ్మో ఆంటీ, ప్లీజ్, కొంచెం స్లోగా!"

రాధారాణి పలకలేదు. నోట్లో దారం ఉన్న మనిషి ఏం పలుకుతుంది? ఈ పనిలో ఉన్న సుఖమల్లా అదే. కుర్చీలో కూర్చున్నవాళ్ళు వాగినంతా వాగుతారు, అన్నిటికీ జవాబు చెప్పి తీరాలన్న బాధ ఉండదు.

జెర్సీ సిటీలో చీరల దుకాణానికీ మిఠాయి కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న పార్లర్ అది. మూడు కుర్చీలు, ఒక అద్దం, గోడకు పెద్ద టీవీ. యజమానురాలు నస్రీన్‌ది కరాచీ. తాళం తీయగానే టీవీ పెడుతుంది, అందులో పాకిస్తానీ డ్రామాలు సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటాయి. రాధారాణి పుట్టి పెరిగింది హైదరాబాద్ మలక్‌పేటలో కాబట్టి ఉర్దూ ఆమెకు కొత్త కాదు. యాభై దాటిన పొట్టి మనిషి. నెరిసిన జుట్టుకు ఒక క్లిప్పు, కుడి చూపుడువేలి మీద దారం కోసి కోసి కాయగట్టిన గీత. రోజంతా వంగి వంగి మెడ పట్టేస్తుంది.

ఆ డ్రామాలంటే ఆమెకు ఒళ్ళు మంట. అయినా చూడకుండా ఉండలేదు. ఏది చూసినా ఒకటే వరస. మంచి పెళ్ళాం వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. చేతికి ఉద్యోగమూ నోటికి మాటా ఉన్న ఆడదైతే విలన్, సందేహమే లేదు. మొగుడు చెంప పగలగొడతాడు, గడప దాటిస్తాడు, ఇంకొకత్తెను తెచ్చుకుంటాడు. చివరికి ఏ రోగమో రాగానే ఆఖరి ఎపిసోడ్‌లో కన్నీళ్ళతో తిరిగొస్తాడు. పెళ్ళాం మంచినీళ్ళ గ్లాసు అందిస్తుంది. శుభం! మన తెలుగు సీరియళ్ళు మాత్రం తక్కువ తిన్నాయా ఏం?

"మా ఆడపిల్లలు ఇట్లా పడి ఉండరమ్మా. నా చెల్లెలు కోర్టుకెక్కి విడాకులు తీసుకుంది. అది డ్రామా తీస్తే టీ పొడి కంపెనీవాడు ప్రకటన ఇవ్వడు" అంటుంది నస్రీన్ ఉర్దూలో. అంటూనే చున్నీతో కళ్ళు ఒత్తుకుంటుంది.

రాధారాణి చెంప మీద దెబ్బ పడినప్పుడు వెనక సంగీతమేమీ రాలేదు, డిష్‌వాషర్ తిరుగుతోంది. భర్త జగదీష్ ఆమె కోటు బయటి మెట్ల మీదికి విసిరి తలుపు వేసుకున్నాడు. కాంట్రాక్టు పని దొరికిన బెంటన్‌విల్ అనే దూరపు ఊళ్ళో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. అప్పుడు రాధారాణి ఈ పార్లర్ వెనక గదిలో, తువ్వాళ్ళ మూటల పక్కన పడుకుంది. నస్రీనే దారం పట్టడం నేర్పింది. సొంత కాళ్ళ మీది వెంట్రుకలు పీక్కుంటూ, పిక్కలు ఎర్రగా కందిపోయేలా నేర్చుకుంది. ఇప్పుడు ఆమెకు ఒక్క గది ఇల్లుంది. దాని తాళంచెవి ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది. ఆ గదిలో ఎప్పుడు తినాలో, ఎప్పుడు దీపం ఆర్పాలో చెప్పే మొనగాడు లేడు. ఆమెకు లోకంలో ఉన్న ఆస్తి అదే.

జగదీష్‌కు గుండె ఆపరేషన్ అయింది. బెంటన్‌విల్‌లో అతనితో ఉన్నామె ఆస్పత్రి నుంచే అతణ్ణి వాళ్ళ అక్క సుధకు అప్పగించి చేతులు దులుపుకుంది. సుధ ఎడిసన్‌లో ఉంటుంది, ఆమెకూ తమ్ముడు మోయలేని బరువయ్యాడు. ఈ పొద్దున ఫోన్ చేసింది.

"రాధా, ఇయ్యాల మనం చూసే డ్రామాల ఆఖరి ఎపిసోడ్ కదా. జర మనసు పెట్టి చూడు."

"చూస్త వదినా" అని పెట్టేసింది రాధారాణి. ఈవిడకింత శ్రద్ధ ఎందుకొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం నస్రీన్ సమోసాలు తెప్పించింది. దేదీప్య కనుబొమలు అయిపోయినా, తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ క్లైమాక్స్ కోసం ఉండిపోయింది. టీవీలో హీరో ఆస్పత్రి మంచం మీద నుంచి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. నిన్ను పోగొట్టుకున్నాకే నీ విలువ తెలిసిందన్నాడు. నస్రీన్ ముక్కు చీదింది. సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది.

జగదీష్! తెల్ల లాల్చీ వేసుకున్నాడు. బాగా చిక్కిపోయాడు. కనుబొమలు మాత్రం గుబురుగా పెరిగి కళ్ళ మీదికి వాలాయి.

"రాధా" అన్నాడు చేతులు జోడించి. "నిన్ను పోగొట్టుకున్నంకనే నీ విలువ తెల్సొచ్చింది."

అక్కాతమ్ముళ్ళు పొద్దున్నే యూట్యూబ్‌లో ఎపిసోడ్ చూసి ఎత్తు వేశారన్నమాట! టీవీ ముందు ఏడ్చే ఆడది టీవీ చెప్పినట్టే వింటుందని వాళ్ళ లెక్క. ఆ లెక్క అంత తప్పేమీ కాదు. నస్రీన్‌కు తెలుగు రాదు, అయినా మాట పట్టేసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఆంటీ, అంకుల్ ఎంత సారీగా ఉన్నారో చూడండి! ఒక్క చాన్స్ ఇవ్వండాంటీ" అంది దేదీప్య.

రాధారాణికి కలిగింది జాలి కాదు, కసి. ఖాళీ కుర్చీ చూపించింది.

"కూర్చోండి. కనుబొమలు అడ్డంగ పెరిగినయ్."

అతని మొహం వెలిగింది. భార్య సేవ మొదలుపెట్టింది కదా, ఇంకేం! కళ్ళు మూసుకుని, చెప్పినట్టు చర్మం లాగి పట్టుకున్నాడు. ఆమె పౌడర్ అద్ది, దారం పళ్ళ మధ్య బిగించింది. ఎడమ కనుబొమ ముచ్చటగా తీర్చింది. నిజం చెప్పాలంటే, అంతవరకూ ఏం చేయాలో ఆమెకే తెలియదు.

ఆమె కరిగిందనుకున్నాడు. మాటలు దొర్లాయి.

"అక్క ఇంట్ల ఎన్నొద్దులుంట చెప్పు? వాళ్ళ వంట నాకు పడ్తలేదు. డాక్టర్ ఉప్పు తక్కువ తినమన్నడు. నువ్వైతే చూస్కుంటవ్. ఆదివారం సామాన్లు తెచ్చుకుంట. మంచం కిటికీ పక్కకు వేద్దాం, నాకు గాలి కావాలె."

కళ్ళు తెరవకుండానే జేబులోంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తీసి కౌంటర్ మీదికి తోశాడు. వారానికి సరిపడా మాత్రలు, రోజుకొక గడి.

"నాకు యాదుండయ్. ఇగ నువ్వే చూస్కొని ఇయ్యాలె."

అదీ సంగతి! పెళ్ళాం విలువ కాదు, నర్సు విలువ తెలిసొచ్చింది మహానుభావుడికి. వేసుకున్న తలుపు గురించి ఒక్క మాట లేదు. చెంప మీది దెబ్బ గురించి ఒక్క మాట లేదు.

రాధారాణి కుడి కనుబొమ మీదికి వంగింది. కింది వరస తీసింది. దాని పైది తీసింది. ఇంకా పైది తీసింది. జగదీష్ "అబ్బా" అని మూలిగి, ఆపైన ఓర్చుకున్నాడు. నస్రీన్ చేతిలో సమోసా అట్లాగే ఉండిపోయింది. దేదీప్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరిలో ఒక్కరు కూడా అతనికి చెప్పలేదు.

కనుబొమ ఉన్నచోట ఎర్రటి చర్మం మాత్రం మిగిలాక ఆమె దారం తెంపి, అద్దం అతని చేతికిచ్చింది.

"చూస్కో."

"ఇదేంది? ఇదేం పని, రాధా!"

"వెంట్రుకలు మల్ల వస్తయ్. నేను రాను."

అతను ఆడవాళ్ళవైపు చూశాడు. నస్రీన్ రిమోట్ అందుకుని టీవీ ఆపేసింది. దేదీప్య ఫోన్‌లోకి తల దించుకుంది. జగదీష్ లేచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. రాధారాణి సింక్ దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది.

"మందులు మరిచిపోయాడు" అంది నస్రీన్. "పరుగెత్తితే ట్రైన్ దగ్గర దొరుకుతాడు."

"దొరుకుతాడు" అంది రాధారాణి ఉర్దూలోనే. "వాళ్ళ అక్కకు కారుంది, కావాలంటే వచ్చి తీసుకుపోతుంది. నెక్స్ట్ ఎవరు?"

కౌంటర్ మీద దూది పక్కన ఆ ప్లాస్టిక్ పెట్టె మిగిలింది. శనివారం గడి మూత సగం తెరుచుకుని ఉంది, లోపల ఒక పచ్చ మాత్ర, రెండు తెల్లవి.