నోటికి తాళం

త్రిమూర్తులు కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని తన టీ గ్లాసుకి పీచుతో సబ్బు పట్టిస్తున్నాడు. అడుగున అంటుకున్న టీపొడిని వేలితో గీకి, గ్లాసు ఇటు తిప్పేలోగా ఎడమ భుజం కిందనుంచి ఏదో పాక్కుంటూ వచ్చి రొమ్ము మధ్యన కూర్చుంది. ఐసు దిమ్మ మీద పడినట్టు మాత్రం కాదు. దిమ్మ పడితే చల్లగా ఉంటుంది, ఆ బరువు అతనికి తెలుసు. ఇది వెచ్చగా, నెమ్మదిగా నొక్కుతోంది. గ్లాసుని నురగతోనే గట్టు మీద పెట్టేసి, గోడకి వీపు ఆనించి, ఊపిరి దానంతట అది వచ్చేదాకా కాచుకున్నాడు.

ఈ వారంలో ఇది మూడోసారి. గ్యాసే అనుకుని రెండు రోజులు మాత్రలు మింగాడు. ఇవాళ భార్య ఉషారాణికి చెప్పేద్దామనుకుని లేచాడు.

"అక్కా! నాన్న గ్లాసు కడక్కుండా వచ్చేశాడు!" వెనక నుంచి ఉదయ్‌కుమార్ కేక. రెండో తరగతి చదువుతున్నాడు, ఇంటి మొత్తానికి పోలీసు వాడే.

సాయిదుర్గ ఒక జడ అల్లుకుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చింది. గట్టు మీది గ్లాసుని చూసింది, తండ్రిని చూసింది, తలుపు పక్కన అంటించిన కాగితం దగ్గరికి నడిచింది. ఆ కాగితం మీద ఆరో తరగతి పిల్ల గుండ్రటి అక్షరాలు. చెప్పులు వరసలో పెట్టడం తమ్ముడి పని. మంచినీళ్ల డ్రమ్ము నింపడం అక్క పని. దోమతెర మడవడం అమ్మ పని. తన గ్లాసు తాను కడుక్కోవడం నాన్న పని. పని తప్పినవాళ్ల నోటికి పొద్దుగూకేదాకా తాళం. రాసి చూపించకూడదు, సైగలు చేయవచ్చు. పెద్దలకు మినహాయింపు లేదు. కింద నాలుగు వేలిముద్రలు. ఆ చివరి షరతు చెప్పి రాయించింది త్రిమూర్తులే.

అది అతని తండ్రి బుల్లియ్య పడవ మీది పద్ధతి. తాడు జారవిడిచినవాణ్ణి బుల్లియ్య కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. వల పైకొచ్చేదాకా నోరు విప్పొద్దనేవాడు, అంతే. వేట గిట్టుబాటు కాక త్రిమూర్తులు భీమవరం వచ్చి, ఐస్ ఫ్యాక్టరీలో చేరి పదహారేళ్లయింది. సముద్రం దగ్గర్నుంచి తెచ్చుకున్నది ఇదొక్కటే. దీనికి నవ్వు కలిపి పిల్లలకిచ్చాడు. ఆ ఇంట్లో పిల్లల మీద ఎప్పుడూ చెయ్యి లేవలేదు. ఐదింటికల్లా డ్రమ్ము నిండుతుంది, చెప్పులు బళ్లో పిల్లల్లా బారుగా నిలబడతాయి. "మీ నాన్న మిమ్మల్ని నవ్వించి పని చేయిస్తున్నాడర్రా" అని పక్కింటి అప్పాయమ్మ ఎన్నిసార్లందో.

సాయిదుర్గ లేని తాళంచెవిని తండ్రి పెదాల మీద తిప్పింది. "పొద్దుగూకేదాకా. సరేనా నాన్నా?"

"బాగా అయింది" అంది ఉషారాణి క్యారేజీ సర్దుతూ. "ఇవాళకి నీ ఐసు కబుర్లు తప్పాయి మావా."

త్రిమూర్తులు నోరు తెరవబోయి ఆగాడు. పోయిన నెల తాళం సాయిదుర్గకి పడింది. బళ్లో హాజరు పిలిస్తే లేచి నిలబడింది గానీ పలకలేదు. ఆబ్సెంటు వేసి, గంట కొట్టేదాకా బయట నిలబెట్టారు. ఆ సంగతి పొద్దుగూకాక, అన్నం ముందు కూర్చుని, ఏడవకుండా చెప్పింది. అతను ముందు నవ్వేశాడు. తరవాత బయటికెళ్లి చాలాసేపు కాలవ వైపు చూస్తూ నిలబడ్డాడు. పదకొండేళ్ల పిల్ల నిలబెట్టుకున్న మాటని తనెలా తప్పుతాడు? సాయంత్రం చెప్పొచ్చులే అనుకున్నాడు. అలా అనుకోగానే కొంచెం తేలికపడ్డాడు కూడా. దెబ్బ తగిలినప్పుడల్లా అతనికి చెప్పడం కంటే నవ్వించడం సులువు. దిమ్మ కింద పడి బొటనవేలి గోరు ఊడిపోయినప్పుడు ఎలక అద్దెకి అడిగితే ఇచ్చానన్నాడు. ఉషారాణి నెలరోజులు ఆ మాట చెప్పుకుని నవ్వింది.

ఫ్యాక్టరీలో ఉప్పునీటి తొట్టిలోంచి ఐసు గడ్డకట్టిన డబ్బాలు లేస్తున్నాయి. వాటిలోంచి జారిపడ్డ దిమ్మల్ని కొక్కెంతో లాగి, పొడి చేసే క్రషర్‌కి అందించాలి. రోజూ రెండు చేతులతో లాగే మనిషి ఇవాళ కుడిచేత్తోనే లాగాడు.

"మూగనోము పట్టావా బావా?" అన్నాడు పక్కన పనిచేసే లోకనాథ్. త్రిమూర్తులు పెదాలకి తాళం వేసినట్టు చూపించాడు. "ఓహో, మీ ఇంటి కోర్టా! ఏం నేరం చేశావేంటి?" అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. అంత చలిలోనూ అతని మెడ వెనక చెమట పట్టడం ఎవరూ చూడలేదు. రెండింటికి కడుపు పట్టుకుని చూపించి, పదహారేళ్లలో మొదటిసారి మధ్యలోనే ఇంటికి వచ్చేశాడు.

"ఏంటి మావా, అప్పుడే వచ్చేశావు?" అంది ఉషారాణి. పని లేదన్నట్టు చెయ్యి ఊపి చాప మీద పడుకున్నాడు. కళ్లు మూసుకుంటే బరువు దిగింది. మళ్లీ ఎక్కింది. ఈసారి దవడ దాకా వచ్చింది.

పిల్లలు బడి నుంచి వచ్చేసరికి అతనికి భయం పట్టుకుంది. సైగలకు అనుమతి ఉంది కదా. లేచి కూర్చుని ముగ్గురినీ తనవైపు చూడమని చెయ్యి ఊపాడు. అరచెయ్యి రొమ్ముకి ఆనించి గట్టిగా నొక్కాడు. కళ్లు మూశాడు. రెండు చేతులతో రొమ్ముని అటూ ఇటూ లాగి, చీలిపోతున్నట్టు చూపించాడు.

"ఆంజనేయస్వామి!" ఉదయ్‌కుమార్ ఎగిరి గంతేశాడు. "గుండె చీల్చి చూపిస్తున్నాడు!"

"కాదురా, సీరియల్లో తాతయ్య. ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టకుండా పడిపోతాడే, ఆయన" అంది సాయిదుర్గ.

అతను తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చూపించాడు. ఈసారి నొప్పి నిజంగానే వచ్చి, నోరు వంకర పోయింది. ఉషారాణి పొయ్యి దగ్గర్నుంచి చూసి పడీపడీ నవ్వింది. "చాల్లే మావా, నా వల్ల కాదు" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. త్రిమూర్తులు ముగ్గురి మొహాలూ చూశాడు. ఇన్నేళ్లూ తన మొహం చూసి నవ్వడమే వాళ్లకి నేర్పాడు. వాళ్లు నవ్వని మొహం ఏదైనా తన దగ్గరుందా అని వెతుక్కున్నాడు. దొరకలేదు. చివరికి తువ్వాలుని తోకలా వెనక దోపుకుని బుగ్గలు పూరించాడు. ఉదయ్‌కుమార్ చప్పట్లు కొట్టాడు.

అప్పుడే ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ చంద్రరావు. సాయిదుర్గ ఎత్తింది.

"మా నాన్న మాట్లాడరండి. నోటికి తాళమండి... గ్లాసు కడగలేదండి."

అవతల చంద్రరావు పెద్దగా నవ్వడం గదంతా వినిపించింది. "అలాగా జడ్జిగారూ! అయితే మీ ముద్దాయితో చెప్పండి. రెండు లారీల రొయ్య వచ్చి నిలబడింది, ఐసు కొట్టడానికి మనుషుల్లేరు. పావుగంటలో ఉండాలి."

"వెళ్తావా నాన్నా?"

ఉషారాణి నవ్వు ఆపి అతని వైపు చూసింది. "ఒంట్లో బాగానే ఉందా? వద్దంటే వద్దని చెప్పనా?"

ఆ ప్రశ్న అతని ముందు ఒక్క క్షణం నిలబడింది. కూతురు ఫోన్ చెవికి పెట్టుకుని, జడ్జిగారన్న మాటకి ఇంకా మెరుస్తున్న కళ్లతో చూస్తోంది. త్రిమూర్తులు వెళ్తానని తల ఊపాడు.

"వస్తారటండి" అంది సాయిదుర్గ.

అతను చొక్కా వేసుకుంటుంటే ఆ పిల్ల గుమ్మంలోకి వెళ్లి, రొయ్యల మేత గోడౌన్ కప్పు వెనక్కి ఎర్రగా దిగిపోయిన సూర్యుణ్ణి చూసి వచ్చింది. మునివేళ్ల మీద లేచి తండ్రి పెదాల మీద తాళంచెవి తిప్పింది.

"పొద్దుగూకింది. తాళం తీసేశాను. మాట్లాడు నాన్నా."

తాళం తీశాక మొదటి మాట వేళాకోళమే అయి ఉండాలి, అది రాయని షరతు. ముగ్గురూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అతను పెదాలు విడదీశాడు. నోట్లోంచి ముందు వచ్చేది మాట కాదని, మూలుగని తెలిసిపోయింది. పెదాలు మూసేశాడు. కూతురి తల నిమిరి, వరసలోంచి చెప్పులు కాళ్లకి తొడుక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"నాన్న ఇంకా ఆడుతున్నాడు" అన్నాడు ఉదయ్‌కుమార్.

కాలవ వంతెన దాటితే ఫ్యాక్టరీ, నడిచినా ఐదు నిమిషాలు. అన్నం ఉడికింది. చారు పొంగింది. వీధిలో లైట్లు వెలిగాయి. చాప మీద అతను మరిచిపోయిన ఫోన్ మళ్లీ మోగితే, ఈసారి ఉషారాణి తడిచేత్తో ఎత్తింది.

"ఏంటమ్మా, మీ ఆయన బయల్దేరలేదా ఇంకా? ముప్పావుగంటయింది..."

ఆమె ఫోన్‌ని చాప మీద పెట్టింది. పొయ్యి కట్టేసింది. కాళ్లకి చెప్పులైనా లేకుండా, పిల్లలతో ఒక్క మాటైనా అనకుండా గుమ్మం దిగి వంతెన వైపు నడిచింది. నాలుగడుగులు వేశాక పరుగెత్తింది.

"అమ్మకి ఎవరు తాళం వేశారక్కా?"

సాయిదుర్గ చాప వైపు తిరిగింది. చాప మీద ఫోన్ ఇంకా వెలుగుతోంది. అందులోంచి చంద్రరావు గొంతు, దోమ రొదంత సన్నగా, అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉంది.