పసుపు పూసిన పిలక

పోదనూరులో రైలు దిగేసరికి రక్కమ్మాళ్‌కు కోపం నెత్తికెక్కి కూర్చుంది. ఎండ మీద కోపం, స్టేషను మెట్ల మీద కోపం, పక్కన చకచకా నడిచే మేనకోడలు ఇందుజ చెప్పుల చప్పుడు మీద కూడా కోపమే. అసలు కోపం మాత్రం తన మీద. ముప్పై ఏళ్లుగా నోరారా దొంగ అని తిట్టిన చెల్లెలి గడప తొక్కి, ఆ దొంగ సొత్తులోంచే ఒక్క పిలక పెట్టమని అడగబోతోంది మరి. రాదా కోపం?

దొంగతనం అంటే నగానట్రా కాదు, అరటి పిలక.

పొల్లాచ్చి దగ్గర వాళ్ల కొబ్బరితోపు అంచున, ఇలవేల్పు జక్కమ్మ పేరు పెట్టుకున్న జక్కమ్మ అరటి అని ఒక దుబ్బు ఉంది. బొటనవేలంత పండు, పులుపు తగిలే తీపి, ఇంకే సంతలోనూ దొరకదు. ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డ నోట్లో తల్లిపాల తరవాత మొదట పడేది ఆ పండు గుజ్జే. అరటికి మొలిచే విత్తనం లేదాయె. తల్లి దుంప పక్కన లేచిన పిలకే రేపటి తల్లి. అందుకని ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు పుట్టింటి పెద్దావిడ పిలక దుంపకు పసుపు పూసి, గుడ్డ చుట్టి చేతికిస్తుంది. చేత్తో ఇస్తేనే అది ఇంటి చెట్టు. చెల్లమ్మాళ్ రైల్వేలో పనిచేసే ధర్మలింగాన్ని ఎవరికీ చెప్పకుండా చేసుకుంది గనక నాయన పిలక ఇవ్వనివ్వలేదు. ఆ పిల్ల ఊరుకుందా? రాత్రికి రాత్రి ఒకటి పెకలించి, చేతిసంచిలో పెట్టుకుని చక్కాపోయింది.

రెండు మూడేళ్ల కిందట పెద్ద కరువొచ్చి ఆడపిల్లల ఇళ్లలో దుబ్బులన్నీ ఎండిపోతే, రక్కమ్మాళే ఇంటింటికీ మళ్లీ పిలకలు పంచింది. ఏడిళ్లకు పంచింది. ఎంత గర్వపడిందో! అప్పటికే తన దుబ్బులో ఒక మొక్క ఆకులు సన్నబడి, నిక్కపొడుచుకుని, మొవ్వులోనే గుత్తిగా ఇరుక్కుపోయి ఉంది. నీళ్లు చాలక అనుకుంది. దిష్టి అనుకుని మిరపకాయలు కూడా తిప్పింది. అది వెర్రితల తెగులని ఇందుజ చూసి చెప్పేదాకా తెలియదు. ఆ తెగులొచ్చిన చెట్టు గెల వెయ్యదు. పిలక ఎంత నిగనిగలాడినా తల్లి ఒంట్లోని తెగులు దాని ఒంట్లోనూ ఉంటుంది. పేనుబంక పురుగు దాన్ని పక్క చెట్టుకూ మోస్తుంది. ఏడిళ్లలోనూ అదే కథ.

ఇందుజ కోయంబత్తూరులో టిష్యూ కల్చర్ ల్యాబులో పని చేస్తుంది. పిలక మొవ్వులోంచి గోరంత ముక్క కోసి, సీసాలో గంజిలాంటి మందులో పెడితే ఏడాది తిరిగేలోగా వెయ్యి మొక్కలవుతాయట. ఆర్నెల్లు తంటాలుపడింది పాపం. ఇరవై ముక్కలు పెడితే పద్దెనిమిదింటికి తెగులు తేలింది. మిగిలిన రెండూ సీసాలోనే నల్లబడి చచ్చాయి.

"తెగులు లేని తల్లి ఒక్కటి దొరికితే చాలత్తా. ఒక్కటంటే ఒక్కటి," అంది చివరికి.

ఆ ఒక్కటీ ఎక్కడుందో రక్కమ్మాళ్‌కు తెలుసు. తెగులు రాకముందు, ముప్పై ఏళ్ల కిందట ఇల్లు దాటిన పిలక ఒక్కటే.

"ముప్పై ఏండ్లుగా గడప తొక్కలేదు గదా, ఇప్పుడు ఏమని అడుగుతావత్తా?" అంది ఇందుజ, రైల్వే కాలనీ సందులోకి తిరుగుతూ.

"నోటితో అడుగుతాను, ఇంకెట్ల? పోయినేడు అదే ఫోన్ చేసి, అక్కా నాకు ఒక్క పిలక నీ చేత్తో ఇయ్యి, నా దగ్గరుండేది దొంగదని కోడలికి కూడా చెప్పుకోలేకుండా ఉండానని ఏడ్చె. సరి పోనీ అని కొబ్బరికాయల వ్యానులో పంపిస్తిని. నేనేమీ అంత చెడ్డదాన్ని కాదులే."

ఇందుజ నడక ఆగిపోయింది. "పోయినేడు పంపిస్తివా? మన దుబ్బులోదా?"

"మరి పక్కింటిదా? పసుపు పూసి, గుడ్డ చుట్టి..."

రక్కమ్మాళ్ మాట అక్కడే తెగిపోయింది. తాను పంపింది తెగులు పట్టిన దుబ్బులోదే. మేనకోడలి ముఖం చూడకుండా కొంగు బిగించి, ఆ ఎండలో ఆయాసపడుతూ పరుగులాంటి నడక అందుకుంది. వేరేచోట నాటి ఉంటుంది. పెరటికి అవతల నాటి ఉంటుంది. జక్కమ్మా, దూరంగా నాటి ఉండాలి తల్లీ!

చెల్లమ్మాళ్ వాకిట్లోనే ఉంది. జుట్టంతా నెరిసింది. అక్కను చూసి చేతిలో చేట కింద పడేసింది.

"అక్కా! నువ్వు దానా? నిజంగా నువ్వేనా?"

"దుబ్బు ఎక్కడే?"

"లోపలికి రా, కూచో, నీళ్లు తాగి..."

"దుబ్బు ఎక్కడుందంటే!"

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన ఉంది. రక్కమ్మాళ్‌కు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఏం ఎదిగిందమ్మా! వెడల్పాటి ఆకులు, నల్లగా నిగనిగలాడే బోదెలు, ఒకదానికి చిన్న గెల కూడా ఉంది. చిన్నప్పుడు అమ్మ వెనకాల నిలబడి చూసిన దుబ్బు అచ్చం ఇదే. ఇది దాని పిల్ల కాదు, మనవరాలు కాదు, సాక్షాత్తూ అదే.

అప్పుడు చూసింది, దుబ్బు మొదట్లో. పెద్ద బోదెకు ఆనుకుని, మోకాలెత్తు కూడా లేని మొక్క, ఆకులన్నీ నెత్తిన గుత్తిగా నిక్కపొడుచుకుని ఉంది. కింద పసుపు గుడ్డ పేలిక ఇంకా మట్టిలో కనిపిస్తూనే ఉంది.

"ఇచ్చిన పిలకను పాతదాని మొదట్లో నాటితే పాతదాని దోషం కూడా పోతుందని అమ్మ చెప్తుండె గదా," అంది చెల్లమ్మాళ్ సంబరంగా. "దానికే దా ముందు నీళ్లు పోస్తాను, అప్పురం దా దీనికి. ఏమో, ఎదగనే లేదక్కా. మన ఊరి మన్ను కావాలేమో."

ఇందుజ మాట్లాడకుండా పెద్ద బోదె లేత ఆకు వంచి ఎండకు పట్టింది. కాడ పొడుగునా ముదురాకుపచ్చ చుక్కలూ గీతలూ. ఆమె చెప్పకముందే రక్కమ్మాళ్ చూసింది. ఆర్నెల్లలో ఏడిళ్లలో చూసీ చూసీ ఆ తెగులు గీతలు ఆమెకు కంఠతా వచ్చేశాయి.

"ఇంకోసారి సీసాలో పెట్టి చూడవే," అంది.

"పెడతానత్తా," అంది ఇందుజ నేల చూస్తూ. "అయితే ఇవి మొత్తం ఈరోజే తవ్వి కాల్చాలి. లేకుంటే కాలనీలో అందరి చెట్లకూ పోతుంది."

చెల్లమ్మాళ్‌కు విషయం విడమరచి చెప్పేసరికి కాసేపు పట్టింది. ఏడవలేదు. అరవలేదు. అరిస్తే బాగుండునని రక్కమ్మాళ్ కాచుకుని నిలబడింది. ముప్పై ఏళ్లు తాను తిట్టిన తిట్లన్నీ ఒక్క మాటుగా తిరిగి తన మీద పడితే ఎంత హాయిగా ఉండేది!

"నేను పంపించకుండా ఉంటే ఇది బతికేదే," అంది తానే. "నువ్వు దొంగగా ఉండింటే ఇది బతికేది, చెల్లా."

"తెలుసు దా అక్కా." చెల్లమ్మాళ్ గెలలో పండిన కాయ ఒకటి తుంచి, తొక్క వలిచి అక్క చేతిలో పెట్టింది. "అయినా ఇయ్యమని అడిగింది నేనే గదా. నువ్వు ఇచ్చినావు. అది చాల్లే నాకు."

రక్కమ్మాళ్ పండు సగానికి విరిచింది. మధ్యలో ఆవగింజకన్నా చిన్న నల్ల చుక్కలు. గోటితో ఒకటి గీకి అరచేతిలో వేసుకుని, ఇదేమైనా మొలుస్తుందా అన్నట్టు ఇందుజ వైపు చూసింది. ఇందుజ తల అడ్డంగా ఊపింది.

పండు నోట్లో పెట్టుకుంది. అదే రుచి, అమ్మ వేలు తగిలినట్టు. తరవాత గోడకు చేరేసిన గడ్డపార అందుకుని, తాను పంపిన మొక్కను వదిలేసి, ముందు పెద్ద దుబ్బు మొదట్లోనే పొడిచింది. తడి నేల కదా, సులువుగానే దిగింది.