రెండు చుక్కలు ఒకటైన రోజు

నేను ఒక ఇన్‌స్టాలర్‌ని. కొత్త సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో కాపురం పెట్టాలంటే సామాను మోసి, సర్ది, పక్కకు తప్పుకునే పని నాది. అన్నీ సవ్యంగా జరిగితే నేనెవరికీ గుర్తురాను. ఏదైనా చెడితే మాత్రం ముందు నా పేరే ఎత్తుతారు.

నన్ను తయారుచేసింది కాకినాడలో ఉండే హైమవతి. ఆమె రాసిన ‘చుక్కలు’ అనే సాఫ్ట్‌వేర్ తెలుగు పాఠాన్ని బ్రెయిలీలోకి మారుస్తుంది. ఏలూరులో ఒక అంధ బాలికల బడిలో తెలుగు చెప్పే ఏసురత్నం మాస్టారు దాంతోనే పుస్తకాలు అచ్చువేస్తారు. ఆయనకూ చూపు లేదు. తెరమీద ఉన్నది కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే పని చేసుకుంటారు.

మొదటి చుక్కల్లో ఒక తప్పుండేది. ‘ళ’ రావలసిన చోట ‘ల’ పడేది. హైమవతి దాన్ని దిద్ది, నాకంటే ముందు పుట్టిన మా అన్న చేతికిచ్చి పంపింది. అన్న మంచివాడే. కానీ ఏ ఇంటివాడో తెలిపే గుర్తు అతనికి కొత్తది ఇచ్చిందామె. దాంతో పాత చుక్కలు ఎవరో పరాయివాళ్లనుకుని, కొత్తవాటిని పక్కనే దించి వచ్చేశాడు. ఇక మాస్టారికి ‘చుక్కలు’ అని ఒకసారి, మళ్లీ ‘చుక్కలు’ అని ఒకసారి వినిపించేది. ఆయన చేయి అలవాటుగా మొదటిదాని మీదే పడేది. అది పాతది.

పదో తరగతి పుస్తకం నలభై పేజీలు అచ్చయ్యాక కెజియా అనే అమ్మాయి వేలు ఆపి అడిగింది.

“మాస్టారూ, కృష్ణుడు గురువుగారి దగ్గర అరవై నాలుగు కలలు నేర్చుకున్నాడా?”

మాస్టారు నవ్వారు గానీ, పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. హైమవతికి ఫోన్ చేస్తే పాతదాన్ని తీసేయమంది. ఆయన ఒప్పుకోలేదు.

“అందులో నా పదాలున్నాయమ్మా, ఏ పేరు బ్రెయిలీలో ఎలా రావాలో చెప్పేవి. ఆరేళ్లుగా ఒక్కొక్కటీ చేర్చుకున్నవి. పోతే మళ్లీ కూడబెట్టే ఓపిక నాకు లేదు.”

తప్పు తనదేనని ఆమెకు తెలిసింది. ఆ వారమే నేను పుట్టాను. మొదటి చుక్కలకున్న ఇంటి గుర్తే నాకూ ఇచ్చింది, అన్న గుర్తు కూడా చెప్పింది, వెర్షన్ సంఖ్య మాత్రం పెంచింది. వెళ్లగానే మనవాళ్లెవరున్నారో చూడాలి. వాళ్ల దగ్గరున్న పదాల పట్టీని ముందు భద్రంగా పక్కన పెట్టాలి. ఆ తర్వాతే పాతవాటిని తీసి కొత్తది పెట్టాలి. ఆమె సొంత కంప్యూటర్ మీద మొదటిసారి నేను పదాలతో సహా ఊడ్చేశాను. నన్ను తిట్టలేదు. తను చెప్పిన వరస చదువుకుని, తలకొట్టుకుని, దిద్దింది. పదకొండుసార్లు చేయించాక నన్ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏలూరు రైలెక్కింది.

మీట మాస్టారే నొక్కారు. హైమవతి ఆయన కుర్చీ పట్టుకుని నిలబడింది. నాకు పట్టింది నలభై సెకన్లు. ఆమెకు చాలాసేపు పట్టినట్టుంది.

‘చుక్కలు’ అని ఒక్కసారే వినిపించింది. మాస్టారు పదాల పట్టీ తెరిచారు. నాలుగువేల మూడువందల పన్నెండు అంది కంప్యూటర్. ఒక్కటీ తగ్గలేదు. వెంటనే ఒక పేజీ అచ్చువేసి వేలితో తడిమారు. ఒకచోట ఆగారు.

“పేజీకి కళ వచ్చిందమ్మా,” అన్నారు.

నా పని అయిపోయింది. ఇప్పుడు ఫోల్డర్లో ఒక మూల ఉన్నాను. రేపు మా తమ్ముడొచ్చి నేను పెట్టినదాన్ని తీసేస్తాడు. తీసేయాలి కూడా. మనుషులు ఎందుకో పాత కుర్చీ వదలడానికి అంత బాధపడతారు.

ఆ మధ్యాహ్నం హైమవతికి తిరుగు రైలు తప్పిపోయింది. బ్రెయిలీ సాఫ్ట్‌వేర్ రాసిన ఆమెకు వేలితో చదవడం రాదని పిల్లలకు తెలిసిపోయింది. కెజియా ఆమె కళ్లు మూయించి, వేలు పట్టుకుని ఒక కాగితం మీద పెట్టింది. పది నిమిషాలకు హైమవతి కూడబలుక్కుంటూ చదివింది.

“ఉ... ప్... మా.”

అది హాస్టల్లో రేపటి టిఫిను. తరగతంతా చప్పట్లు కొట్టింది.